అయిదు నిమిషాలు ఆలోచించినందుకు సంజాయిషీ

మా ఆఫీసులో మొన్న ఒకాయన ఆలోచిస్తూ పట్టుబడ్డాడు.

పనివేళల్లో, సంస్థ కొనిచ్చిన కుర్చీలో, సంస్థ కొనిచ్చిన తెర ఎదుట, చేతులు కట్టుకుని మరీ ఆలోచించాడు. సాక్ష్యం తిరుగులేనిది. చాట్‌లో ఆయన పేరు పక్కన నిత్యం వెలుగుతూ ఉండాల్సిన పచ్చచుక్క పసుపు రంగుకి తిరిగింది. ఆ మరుక్షణమే టీమ్ లీడ్ దగ్గర్నుంచి మెసేజ్: ‘ఉన్నారా?’ మనిషి ఎదుటి వరసలోనే ఉన్నాడు. టీమ్ లీడ్ ఒక్కసారి తలెత్తితే ఆయన నుదుటి మీద ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు. కానీ కళ్లతో చూసి మనిషి ఉన్నాడని నమ్మడం బొత్తిగా అశాస్త్రీయం. కళ్లు మోసం చేస్తాయి. చుక్క చెయ్యదు.

ఈ చుక్క మహిమ తెలియనివాళ్లు చదువరుల్లో ఎవరూ ఉండరనే నా నమ్మకం. ఈ వ్యాసం చదువుతూ కూడా మీలో సగంమంది మధ్యమధ్య మౌస్‌ని ఓసారి అటూ ఇటూ జరిపి వస్తున్నారని నాకు తెలుసు. కానివ్వండి, నేనేమీ అనుకోను. మైక్రోసాఫ్ట్ టీమ్స్ అనే ఆఫీసు చాట్ యాప్‌లో అయితే కంప్యూటరులో 5 నిమిషాలు కదలిక లేకపోతే చాలు, మీరు సీట్లో లేనట్టే లెక్క. ఆ గడువు ఎవరు పెట్టారో గానీ మనిషి మనసు బాగా చదివినవాళ్లు. చిక్కుముడి ముందు కూర్చున్నవాడికి మొదటి అయిదు నిమిషాలూ చిరాకుతోనే సరిపోతాయి. అసలు ఆలోచన ఆరో నిమిషంలో మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే ‘ఉన్నారా?’ వస్తుంది.

విషయం తీవ్రమైనది కనుక సమీక్షా సమావేశం పెట్టారు. పన్నెండు మందిని పిలిచారు. హెచ్‌ఆర్ నుంచి వచ్చినావిడ తెర మీద ఒక గ్రాఫ్ వేశారు. పచ్చటి మైదానం, అక్కడక్కడ పసుపు గుంటలు. ఓ గుంట మీద లేజర్ లైటు ఆనించి, ‘ఇదిగో ఇక్కడ, రెండుంబావు నుంచి రెండున్నర దాకా, మీరేం చేస్తున్నారు?’ అని అడిగారు.

‘ఆలోచిస్తున్నానండీ.’

‘దేని గురించి?’

‘పని గురించేనండీ.’

గదిలో కలకలం. ఆయన కునుకు తీశాననో, ఫోన్‌లో వీడియోలు చూశాననో చెప్పి ఉంటే ఇంత ఇబ్బంది వచ్చేది కాదు. వాటికి ఫారాలున్నాయి. ఆలోచనకి ఫారం లేదు. ‘ఆలోచించొద్దని మేం అనడం లేదు’ అన్నాడు మేనేజరు ఉదారంగా. ‘మౌస్ కదుపుతూ ఆలోచించొచ్చు కదా అంటున్నాం.’

ఇలాంటి చోట్ల ఎప్పుడూ ఒక యువ మేధావి ఉంటాడు. ఆలోచనని క్యాలెండర్‌లో పెడితే పోలా అన్నాడు. క్యాలెండర్‌లో మీటింగ్ ఉంటే చుక్క ఎర్రబడుతుంది, ఎరుపంటే బిజీ, బిజీ అంటే పని. అందరూ హమ్మయ్య అనుకున్నారు. అక్కడికక్కడే మర్నాడు మూడు నుంచి మూడున్నర దాకా ‘ఆలోచన’ అని ఒక స్లాట్ తెరిచారు. తెరిచాక ధర్మసందేహాలు బయల్దేరాయి. ఎజెండా ఏమిటి? ఆలోచన ముగిసేసరికి ఏం తేలాలి? ఒక్కడే ఆలోచిస్తే దాన్ని మీటింగ్ అనొచ్చా? పక్క టీమ్‌కి చెప్పకుండా మనం ఆలోచిస్తే వాళ్లు నొచ్చుకోరూ? చివరికి ఏడుగురికి ఇన్‌వైట్లు వెళ్లాయి, ఇంకో ముగ్గురికి వీలుంటేనే రమ్మని.

మర్నాడు ఆలోచన జరిగింది. పిలిచినవాళ్లు ఒక్కరూ రాలేదు, వాళ్లకి వేరే మీటింగులున్నాయి. వాళ్ల బదులు నోట్స్ రాసుకునే ఏఐ బాట్లు నాలుగు వచ్చాయి. చేతులు కట్టుకుని ఒక మనిషి, ఆయన మౌనాన్ని శ్రద్ధగా రికార్డు చేస్తూ నాలుగు బాట్లు, అరగంట. మూడున్నర దాటీ దాటగానే అందరికీ సారాంశం అందింది: ‘చర్చించిన అంశాలు: లేవు. తీసుకున్న నిర్ణయాలు: లేవు. తదుపరి చర్య: మరోసారి సమావేశం కావడం.’ మా ఆఫీసులో వెలువడిన మినిట్స్‌లో ఇంత నిజాయితీ గలవి నేనింతవరకూ చూడలేదు. ఆ అరగంటంతా ఆయన చుక్క ఎర్రగా, గర్వంగా వెలిగింది. ఆలోచించాడా అంటే, నాలుగు బాట్లు చెవులు రిక్కించుకుని కూర్చుంటే ఎవడికి ఆలోచన వస్తుంది?

ఇంత తతంగం పడలేనివాళ్లు జిగ్లర్ కొనుక్కుంటారు. మౌస్‌ని దాని మీద పెడితే మీ బదులు అది పని చేసిపెడుతుంది, అంటే కదులుతుంది. 2024 మే నెలలో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు డజనుకు పైగా ఉద్యోగుల్ని తీసేసింది. కీబోర్డు ఆడుతున్నట్టు భ్రమ కల్పించి, పని చేస్తున్నట్టు నమ్మించారన్నది వాళ్ల మీద అభియోగం. నటన తప్పే, వెనకేసుకురాను. కానీ ఆ నాటకానికి స్టేజీ కట్టిందెవరు? సాయంత్రానికి ఏం తయారైందని అడగడం మానేసి వేళ్లు ఆడుతున్నాయా లేదా అని అడిగేవాడికి వేళ్లాటే దొరుకుతుంది. చుక్క కోరింది కదలిక. వాళ్లు సమర్పించిందీ కదలికే. ఒప్పందం ప్రకారం సరుకు అందినట్టే లెక్క.

అయితే మేనేజర్ల బాధ కూడా చూడాలి కదా. 2022లో మైక్రోసాఫ్ట్ 11 దేశాల్లో 20 వేల మందిని అడిగి ఒక సర్వే విడుదల చేసింది. ఉద్యోగుల్లో 87 శాతం మంది మేం బాగానే పని చేస్తున్నాం అన్నారు. తమవాళ్లు పని చేస్తున్నారన్న పూర్తి నమ్మకం బాసుల్లో 12 శాతానికే ఉంది. తక్కినవాళ్లు పాపం ఏదో ఒక మోతాదులో అనుమానంతో బతుకుతున్నారు. ఈ జబ్బుకి ‘ప్రొడక్టివిటీ పారనోయా’ అని పేరు పెట్టింది కూడా ఆ సంస్థే. అంతకు రెండేళ్ల ముందు, 2020లో, ఎవరు మెయిల్ ఎంత వాడుతున్నారో, చాట్ ఎంత వాడుతున్నారో పేర్లతో సహా పైవాళ్లకి చూపించే ‘ప్రొడక్టివిటీ స్కోర్’ అనే వింతని బయటికి తెచ్చిందీ, గోల లేచాక ఆ డిసెంబరులో పేర్లు తీసేసిందీ ఆ సంస్థే. దోమల్ని పెంచిన చేత్తోనే దోమతెరలు కుట్టి అమ్మడమంటే ఇదే.

చుక్కలతో తృప్తి పడనివాళ్లూ ఉన్నారు. 2016 జనవరిలో ఒక సోమవారం లండన్‌లో డెయిలీ టెలిగ్రాఫ్ పత్రిక విలేకరులు ఆఫీసుకొచ్చేసరికి వాళ్ల బల్లల కింద చిన్న డబ్బాలు బిగించి ఉన్నాయి. ఒంటి వేడినీ కదలికనీ బట్టి కుర్చీలో ప్రాణి ఉందో లేదో చెప్పే డబ్బాలు. లోకం గుట్టు విప్పడమే వృత్తిగా ఉన్నవాళ్ల కాళ్ల దగ్గర గూఢచారిని పెట్టాలన్న తెలివి ఎవరిదో! వాళ్లు ఊరుకోలేదు, డబ్బాలు ఆ రోజే ఊడిపోయాయి.

ఊరుకోకపోవడం అనే విద్య ఒకప్పుడు చాలామందికి వచ్చు. ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు, కార్మికుడి పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడటాన్ని ఒక శాస్త్రంగా ప్రకటించి వందేళ్లు దాటింది. 1911 ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో, మూసలు పోసే కార్మికుడి పక్కకి ఆ గడియారంతో ఒకడు వచ్చాడు. నా పనిని నువ్వు క్షణాల్లో కొలవడానికి వీల్లేదన్నాడు కార్మికుడు. ఆయన్ని పనిలోంచి తీసేశారు. తోటివాళ్లు పనిముట్లు కింద పెట్టి బయటికి నడిచారు. గొడవ అమెరికన్ కాంగ్రెస్ దాకా వెళ్లింది. విచారణ జరిగింది. 1915లో సైన్యం బడ్జెట్‌కి ఒక షరతు తగిలించి, ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో స్టాప్‌వాచ్‌తో పని కొలవడాన్ని నిషేధించారు. ఆ నిషేధం 1949 దాకా బతికింది.

వాళ్లు పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు కారు. కొలిమి దగ్గర పని చేసేవాళ్లు. గడియారం చూడగానే అది దేనికొచ్చిందో వాళ్లకి అర్థమైంది. డిగ్రీల మీద డిగ్రీలున్న మనం ఏం చేశాం? జిగ్లర్‌కి రివ్యూలు చదివి, చప్పుడు చెయ్యనిది చూసి ఆర్డర్ పెట్టాం.

గోదాముల్లోనూ కాల్ సెంటర్లలోనూ పని చేసేవాళ్లు మన మొర వింటే నవ్వుకుంటారు. చుక్క మనకి కొత్త, వాళ్లకి పాత పగ. కాల్ సెంటర్లో సీట్లోంచి లేచినప్పుడల్లా ఎందుకు లేచావో ఒక కోడ్ నొక్కాలి. అమెజాన్ గోదాముల్లో ‘టైమ్ ఆఫ్ టాస్క్’ (పనికి దూరంగా ఉన్న సమయం) అని, చేతిలో స్కానరు పలకకుండా గడిచిన నిమిషాలకి లెక్క ఉంది. 2021లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. 2022 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. పెద్ద గోదాముల్లో పెట్టే పని కోటాలు కార్మికుణ్ని మరుగుదొడ్డికి వెళ్లనివ్వకుండా చేసేలా ఉండకూడదని ఆ చట్టం చెబుతోంది. ఇంకోసారి చదవండి. మనిషన్నాక ఒంటికి వెళ్తాడని శాసనసభలో ఓటింగు పెట్టి తేల్చాల్సి వచ్చింది.

ఇది కంప్యూటరు చేసిన తప్పు కాదు. తను ఎవరినీ అడక్కుండా లేచి వెళ్లగలిగిన ఒక పెద్దమనిషి, ఇంకొకరి నిమిషాలకి గడి గీసి, గడి దాటితే రంగు మార్చమని యంత్రానికి చెప్పాడు. పసిబిడ్డకి పాలు తీసిపెట్టడానికి తలుపు గడియ ఉన్న గది కోసం వెతుక్కునే తల్లి ఆ గడి దాటుతుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన ఫోన్‌ని మెట్ల మీద నిలబడి విని, పరుగున వచ్చి, ముందు మౌస్ కదిపి తర్వాత కళ్లు తుడుచుకునేవాడు ఆ గడి దాటుతాడు. గ్రాఫ్‌లు వేసే దొరలారా, మీకు కనిపించిన పసుపు గుంటల్లో ఇవీ ఉంటాయి. వాటిలో ఏముందో మీకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. గుంటలు దొరికితే చాలు, వాటిని చూపించి మీరు మీ పైవాడి దగ్గర మార్కులు కొట్టేస్తారు. కొంచెమైనా సిగ్గుండాలి.

సరే, కోపం ఒంటికి మంచిది కాదని ఆ హెచ్‌ఆర్ వాళ్లే మెయిల్ పంపారు. సంక్షేమ వారోత్సవం. ‘రోజూ పది నిమిషాలు కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టండి’ అని. పెట్టాం. సగం దూరం వెళ్లేసరికి గదిలో అందరి చుక్కలూ ఒక్కసారిగా పసుపయ్యాయి. అందరికీ ‘ఉన్నారా?’ వచ్చింది. బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46 వేల మందికి పైగా ఉద్యోగుల వివరాలు పట్టుకుని విలియమ్ ఫ్లెమింగ్ అనే ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు 2024లో ఒక అధ్యయనం ప్రచురించాడు. ఇలాంటి ధ్యానం యాప్‌లూ, ఒత్తిడిని తట్టుకునే శిక్షణలూ తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్లకంటే మెరుగ్గా ఏమీ లేరని తేలింది. పని సంగతి సర్దకుండా ఊపిరి సంగతి సర్దితే ఇంకేం తేలుతుంది?

చుక్క గుణాల్లో ఒకటి మాత్రం మెచ్చుకోవాలి. పగలు రెండుంబావుకి పసుపైతే సంజాయిషీ అడిగే ఆఫీసు, రాత్రి పదకొండింటికి పచ్చగా ఉంటే మాత్రం, ఇంకా ఎందుకున్నావని అడగదు. ‘ఎలాగూ ఆన్‌లైన్‌లో ఉన్నారు కదా’ అని మొదలుపెడుతుంది. పనివేళలు దాటాక మెయిల్‌కి దూరంగా ఉండే హక్కుని చట్టాల్లో రాసుకుని ఫ్రాన్స్ 2017 నుంచి, ఆస్ట్రేలియా 2024 నుంచి అమలు చేస్తున్నాయి. రాసుకోనిచోట చుక్కదే రాజ్యం.

ఇంతకీ మా మేనేజరుకి ఇప్పుడు కొత్త డాష్‌బోర్డు ఇచ్చారు. టీమ్ మొత్తం చుక్కలూ ఒకే తెర మీద, వరసగా. మహా అందంగా ఉందట. అందులో ఒకటే ఇబ్బంది. కళ్లార్పకుండా దాన్నే చూస్తూ కూర్చుంటే అయిదు నిమిషాలకి ఆయన చుక్క కూడా పసుపవుతుంది, పైన ఆయన్ని చూసేవాడికి ఇంకో డాష్‌బోర్డు ఉంది. అందుకని మొన్నటి నుంచి ఆయన మమ్మల్ని చూస్తూ, కుడిచేత్తో ఆగకుండా మౌస్ తిప్పుతున్నాడు.