ఆరున్నర సెకన్ల చావు

టోక్యోలోని నెరిమాలో ఇల్లు అద్దెకు ఇప్పించిన బ్రోకరు చెత్త ఏ రోజు పారేయాలో కూడా చెప్పాడు గానీ, పక్క వాటాలో టీవీ యానిమే (జపాన్ కార్టూన్) ఎపిసోడ్ డైరెక్టరు ఉంటాడని చెప్పలేదు. జపాన్ తొలి పూర్తి నిడివి రంగుల కార్టూన్ సినిమా 1958లో ఈ నెరిమాలోనే తయారైంది. అనుమానించాల్సింది నేనే.

రాత్రి రెండు గంటలకు చెక్క గోడ అవతల మగ గొంతు: "చచ్చిపోకు! నన్ను వదిలి చచ్చిపోకు!" ఆ వెంటనే టిక్కుమని చప్పుడు. మళ్లీ అదే ఏడుపు, అదే టిక్కు. నాలుగోసారికి నా ఒళ్లు చల్లబడింది. పోలీసులకు ఫోను చేద్దామంటే నాకొచ్చిన జపనీస్ వంకాయలు బేరమాడడానికే బొటాబొటిగా సరిపోతుంది. చెప్పుల్లేకుండా పరుగెత్తి తలుపు బాదాను.

తలుపు తీసినాయన కళ్లు చింతనిప్పులు. చేతిలో స్టాప్‌వాచ్.

వచ్చీరాని ఇంగ్లీషులో ఆయన చెప్పిందిది. బల్ల మీదున్నది ఎకొంటె, అంటే షాట్లన్నీ ముందుగా బొమ్మల్లో గీసుకునే స్టోరీబోర్డు. ఒక్కో కాగితం మీద నిలువుగా 5 గడులు, పక్కన కదలిక, సంభాషణ, చివర నిడివి. హీరో ఎంతసేపు ఏడవాలో ముందు తాను ఏడ్చి చూసుకోవాలి. ఆ ఏడుపు నిడివి దగ్గర '6+12' అని ఉంది: 6 సెకన్లు, 12 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేములు కనుక ఆరున్నర సెకన్లు. ఇలాంటి షాట్లు 300 దాకా గీసి, అన్నీ కలిపి 22 నిమిషాలు దాటకుండా చూడాలి.

మా సినిమాల్లో గుండు దిగినవాడు ఆస్తి పంచి, చెల్లెలి చేయి స్నేహితుడి చేతిలో పెట్టి గానీ పోడని చెప్పాను.

"మరి ప్రకటనలు ఎప్పుడు వేస్తారు?" అన్నాడు దిగులుగా.

మొదట్లో ఆయన ప్రొడక్షన్ అసిస్టెంటట. అర్ధరాత్రులు కారేసుకుని యానిమేటర్ల ఇళ్లకు తిరిగి, బొమ్మల కవర్లు పోగుచేసి, స్టూడియోలో బల్ల కింద పడుకునేవాడట. "ఇప్పుడు నయం. నిద్రపోకుండా ఇంట్లోనే ఉండవచ్చు."

ఏడుస్తూ వాచీ నొక్కితే లెక్క తప్పుతోందని, ఒక్కసారి నన్ను ఏడవమన్నాడు. తాను చాప మీద శవంలా పడుకున్నాడు. నేను మన పద్ధతిలో, గుండెలు బాదుకుంటూ అందుకున్నాను.

కింది వాటా ముసలమ్మ అప్పటికే ఫోను చేసేసినట్టుంది. తెరిచే ఉన్న తలుపులో పోలీసు ప్రత్యక్షమయ్యాడు.

శవం కళ్లు తెరవకుండానే పలికింది: "పదకొండు సెకన్లు. నాలుగున్నర కోసేయాలి."

ఏమిటి కోసేది అని పోలీసు నన్నడిగాడు.

నాకొచ్చిన జపనీస్‌లో కోయదగ్గది ఒక్కటే.

"వంకాయ" అన్నాను.