పిల్లవాడి రక్తంలో సీసం ఎంతో ఎవరు చూశారు?

పలమనేరు దగ్గర ఒక అంగన్‌వాడీ కేంద్రంలో ఇటీవల నాలుగేళ్ల బాబునొకణ్ణి చూశాను. కిటికీ చెక్క మీద పొరలుగా లేచిన పాత పచ్చరంగును గోటితో గిల్లి, ఆ పెచ్చును నాలుక మీద పెట్టుకున్నాడు. వాడు ఒకచోట కుదురుగా కూర్చోడని, పక్క పిల్లలను కొడతాడని ఫిర్యాదులు ఉన్నాయి. 'నువ్వే గారాబం చేసి చెడగొట్టినావు కదమ్మా' అని ఎవరో అంటే తల్లి తలవంచుకుని నిలబడింది. ఆ రంగులో సీసమనే విషలోహం ఉందో లేదో, ఆ బిడ్డ రక్తంలో అది ఎంత చేరిందో ఎవరూ పరీక్షించలేదు. తప్పు మాత్రం తల్లి మీద పడిపోయింది.

ఇది అన్యాయం మాత్రమే కాదు, అశాస్త్రీయం కూడా. 1979లో పిల్లల వైద్యుడు హెర్బర్ట్ నీడిల్‌మన్ బృందం అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒకటి, రెండు తరగతుల పిల్లల ఊడిన పాలపళ్లను సేకరించి వాటిలోని సీసాన్ని కొలిచింది. ఎవరి పంటిలో ఎంత ఉందో తెలియని ఉపాధ్యాయులు ఇచ్చిన అంచనాల్లో, సీసం పెరిగిన కొద్దీ ధ్యాస నిలపలేకపోవడం, చెప్పిన పని వరుసగా చేయలేకపోవడం వంటి లక్షణాలు పెరుగుతూ వచ్చాయి. సీసం శరీరంలో కాల్షియం స్థానంలో చొరబడి మెదడుకు చేరుతుంది, తొందరపాటును అదుపు చేసే భాగం ఇంకా ఎదుగుతుండగానే దాన్ని దెబ్బతీస్తుంది. మింగిన సీసాన్ని పెద్దలకంటే పసివాళ్లు 4 నుంచి 5 రెట్లు ఎక్కువగా ఒంటబట్టించుకుంటారు, ఇనుము లోపిస్తే అది ఇంకా పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 60 శాతానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన సంగతిని దీని పక్కన పెట్టి చదవాలి.

జన్యువులు, ఇంట్లో గొడవలు, సెల్‌ఫోను కూడా కారణాలే కదా అని కొందరు వైద్యులు అంటారు. నిజమే, ఒక్కొక్క పిల్లవాడి విషయంలో కారణాన్ని వేలెత్తి చూపడం కష్టం. కానీ వాటిలో ఒక్క చుక్క రక్తంతో బయటపడేదీ, పిల్లల పరిసరాల నుంచి మనం పూర్తిగా తొలగించగలిగేదీ సీసమే.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది 2001లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన. సీసం ఎక్కువగా ఉన్న 780 మంది పసిపిల్లలలో కొందరికి రక్తంలోని సీసాన్ని బయటికి లాగే మందు ఇచ్చారు. రక్తంలో సీసం తగ్గింది, కానీ తెలివిలోగాని, నడవడిలోగాని మెరుగు కనిపించలేదు. అంటే జరిగిన నష్టాన్ని మందు తిరిగి తేలేదు, ముందే ఆపుకోవాలి. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. 1960లలో డెసిలీటరు (వంద మిల్లీలీటర్ల) రక్తంలో 60 మైక్రోగ్రాముల దాకా ఫరవాలేదనుకున్న అమెరికా, 2021 నాటికి 3.5 దగ్గరే అప్రమత్తం కావాలంటున్నది.

మన దగ్గర ఆ అంకె అడిగేవారే లేరు. భారతదేశంలో 27 కోట్లకు పైగా పిల్లల రక్తంలో 5 మైక్రోగ్రాములు దాటిందని 2020లో యునిసెఫ్ అంచనా వేసింది. పాత బ్యాటరీలను పగలగొట్టి సీసం కరిగించే పెరళ్లు దానికి ఒక ప్రధాన మూలం. ఇంటి రంగుల్లో సీసాన్ని పదిలక్షల భాగాలకు 90కి మించనివ్వని నిబంధన 2017 నవంబరు నుంచి అమలులో ఉంది గాని, అంతకుముందు వేసిన గోడల జోలికి అది రాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఎదుగుదల లోపాలను వెతకడానికే అంగన్‌వాడీలకు వైద్య బృందాలను పంపుతున్నది. బరువు తూస్తారు, జబ్బ చుట్టుకొలత చూస్తారు, కళ్లు పరీక్షిస్తారు. వేలి చివర రక్తంతో కొన్ని నిమిషాల్లో సీసం మోతాదు చెప్పే చిన్న యంత్రాన్ని ఆ బృందం చేతికి ఇవ్వాలి, చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచే ఆ పని మొదలుపెట్టాలి. మన వ్యవస్థకు రిజిస్టరులో గడి ఉంటేనే జబ్బు కనిపిస్తుంది. గడి లేని జబ్బంతా తల్లుల ఖాతాలో జమ అవుతుంది.

ఆ కిటికీకి ఈ సెలవుల్లో కొత్త రంగు వేస్తారట. పాత రంగును పొడిగా గీకితే లేచే ధూళి, పిల్లలు పాకే నేల మీదే పడుతుంది. పిల్లలు లేని వేళ, తడిపి గీకి, తడిగుడ్డతో తుడవాలని ఆ కేంద్రానికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.