పంటి బిగువున ఐదు రాత్రులు

తెలుగువారి ఓర్పు మొత్తం పళ్ల మీద ఆధారపడి ఉంది. కష్టం వస్తే పంటి బిగువున భరించమంటారు. కోపం వస్తే పళ్లు నూరుకుని ఊరుకోమంటారు. ఎదుటివారి మనసు నొప్పించకూడదంటే పల్లెత్తు మాట అనవద్దంటారు. ఇంత పకడ్బందీగా ఏర్పాట్లు చేసిన మన పెద్దలు ఒక్క విషయం మరిచిపోయారు. పన్నే కష్టమై కూర్చుంటే దేన్ని బిగించాలి? ఈ లోపాన్ని నేను మొన్న భోగి నాటి సాయంత్రం, నల్లగొండలో, మా ఇంటి వరండాలో, ఒక సకినం సాక్షిగా కనిపెట్టాను.

సకినాన్ని తప్పుపట్టను. బియ్యప్పిండి, నువ్వులు, వాము కలిసి నూనెలో వేగాక కటుక్కుమనడం దాని ధర్మం. ఆ కటుక్కు సకినానిదో నాదో తేలడానికి రెండు క్షణాలు పట్టింది. కింది దవడ, ఎడమ పక్క, వెనక నుంచి రెండో పన్ను. దాని మీద నల్లచుక్క పడి మూడేళ్లయింది. చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమనడం మొదలై ఏడాది. ఆ పక్క నమలడం మానేసి ఆరు నెలలు. 2016 అక్టోబర్ 11న మా జిల్లాను నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అని మూడు చేసినట్టే నేనూ నా నోటిని కుడి, ఎడమ అని విడదీసి, పరిపాలనా సౌలభ్యం కోసం కార్యకలాపాలన్నీ కుడివైపుకు తరలించాను. కొత్త జిల్లాలకు కలెక్టర్లనైనా వేశారు. నా ఎడమ దవడ ముఖం చూసిన అధికారి లేడు. ఆ సాయంత్రం మనవడు ఏదో అంటే నవ్వబోయాను, సకినం సరిహద్దు దాటింది.

వెంటనే పండ్ల డాక్టరు గారికి ఫోను చేశాను. మా వైపు పళ్లను పండ్లనే అంటాం. కొత్తగా వచ్చినవారు ఇక్కడ జామపండ్లకు కూడా వైద్యం చేస్తారేమో అనుకుంటే ఆ తప్పు వారిది కాదు. డాక్టరు గారు అప్పటికే పండుగకు అత్తవారింటికి బయలుదేరి, కొర్లపహాడ్ టోల్‌ప్లాజా దగ్గర కార్ల వరుసలో ఇరుక్కుని ఉన్నారు. ఆ వరుస పుణ్యమా అని నాకు తీరిగ్గా సమాధానం చెప్పారు.

‘‘సోమవారం పదిన్నరకు రండి. అప్పటిదాకా గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించండి. మీకు పడే నొప్పి మాత్ర, తిన్న తరువాత, అట్ట మీద రాసిన మోతాదే. గ్యాసు పుండో కిడ్నీ జబ్బో ఉంటే ఏ మాత్ర వేసుకోవాలో ముందు అడగండి. లవంగనూనె దూదికి ఒక్క చుక్క చాలు. పడుకునేటప్పుడు తల ఎత్తులో పెట్టుకోండి. దవడ కింద వాపు గొంతు వైపు దిగినా, జ్వరం వచ్చినా, మింగడానికి గాని నోరు తెరవడానికి గాని కష్టమైనా నా కోసం ఆగకండి, ఆ క్షణమే పెద్దాసుపత్రికి వెళ్లండి.’’ ఒక్క నిమిషం ఆగి, ‘‘ఇంత నొప్పి ఉందంటే నరం ఇంకా బతికే ఉందన్నమాట సార్. ఒకరకంగా మంచిదే’’ అన్నారు. ముందు కారు కదిలినట్టుంది, ఫోను పెట్టేశారు.

నా నొప్పిని మంచిదని మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే.

ఐదు రాత్రులకు ఆ నాలుగు మాటలు సరిపోయేవి. కాని రూపాయి తీసుకోకుండా, నిమిషంలో చెప్పిన సలహాకు మన దగ్గర విలువ ఎక్కడిది? పైగా నల్లగొండకు పళ్ల విషయంలో గొప్ప ప్రజాస్వామ్య సంప్రదాయం ఉంది. ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడి నుంచి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం కాస్తా పుస్తకమైంది. పాలకులు వెంటనే స్పందించారు. నీళ్లు వచ్చాయనుకునేరు, కాదు. పోటీకి కట్టే డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000 చేశారు. రోగి మూలుగుతుంటే మూలుగు మీద సుంకం వేయడమన్నమాట. ఆ నీళ్లు తాగి గార పట్టిన పళ్లతో, వంగిన కాళ్లతో ఒక తరం గడిచిపోయింది. ఆ పళ్ల ముందు నా పన్ను కథ ఎంత? ఇప్పటికీ టూత్‌పేస్టు డబ్బా మీద ‘ఫ్లోరైడ్ కలదు’ అని గొప్పగా అచ్చువేసి మా దుకాణాల్లో అమ్ముతారు. పేస్టులో ఆ కాసింత ఫ్లోరైడ్ పన్ను పుచ్చకుండా కాపాడుతుందనేది నిజం. నీళ్లలో మోతాదు మించితే ఆ పన్నునే పాడుచేస్తుందనేదీ నిజం. అయినా ఆ నీళ్ల దెబ్బ బాగా తిన్న మర్రిగూడ వైపు మనిషి ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని చదివితే అది ప్రకటనలా కాక బెదిరింపులా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

నా పన్నుకు 480 మంది రాలేదు. పండుగ పూట, బంధువుల రాకపోకల మధ్య, ఒక నలభై మంది వచ్చి ఉంటారు. సలహాకు డిపాజిట్ కట్టే నిబంధన ఇంకా రాలేదు కాబట్టి అందరూ బరిలో నిలిచారు.

మొదట మా మేనత్త. ‘‘పన్ను పుచ్చిందంటే పురుగు పట్టిందనే. వాకుడు గింజల పొగ పట్టిస్తే పురుగులు జలజల రాలుతాయి’’ అన్నది. ఎనభై దాటిన మనిషి, పైగా పండుగకు వచ్చింది, కాదనలేను. సంక్రాంతి నాటి ఉదయం పెరట్లో నిప్పుల కుంపటి, దాని మీద ఎండిన వాకుడు గింజలు, పైన చిల్లుపెట్టి బోర్లించిన కొబ్బరిచిప్ప. ఆ చిల్లుకు బొప్పాయి ఆకు కాడ గొట్టంలా దోపి, రెండో కొసను నా నోట్లో పెట్టింది. వాకిట్లో కోడళ్లు ముగ్గులో రంగులు నింపుతున్నారు, పెరట్లో నేను పొగ నింపుకుంటున్నాను. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. తరువాత నన్ను ఇత్తడి పళ్లెంలోని నీళ్లలోకి ఉమ్మమన్నది, చిప్పకు అంటుకున్నదంతా అందులోకే దులిపింది. ‘‘చూడు!’’ అన్నది విజయగర్వంతో. నిజమే, తెల్లగా, సన్నగా, వంకర తిరిగి నాలుగైదు తేలుతున్నాయి. చుట్టూ మూగిన పిల్లలు ‘‘పురుగులు, పురుగులు’’ అని చప్పట్లు కొట్టారు. నేను చదువుకునే కళ్లద్దాలు తెప్పించుకుని పుల్లతో కదిపి చూశాను. తల లేదు, తోక లేదు. ఒకదాని నడుముకు మాత్రం సగం వాకుడు తొక్క అంటుకుని ఉంది. వేడికి చిట్లిన గింజలోంచి బయటపడిన మొలక అది.

పంటిలో పురుగనేది లేదని ఫ్రాన్సు దేశంలో పియర్ ఫోషార్ అనే దంతవైద్యుడు 1728లోనే రాసిపెట్టాడు. మూడు వందల ఏళ్లు కావస్తున్నా ఆ కబురు మా వీధి మలుపు తిరగలేదు. తిప్పుదామని అత్తకు వివరంగా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, ‘‘ఆయన పన్నుకు లేదేమోరా, నీ పన్నుకు ఉంది’’ అన్నది. దీనికి ఫోషార్ దగ్గర కూడా జవాబు ఉండదు.

రెండో అభ్యర్థి పక్కింటి విశ్రాంత ఉద్యోగి. ఆస్ప్రిన్ మాత్ర మింగితే ఊరంతా తిరిగి పంటి దగ్గరికి వస్తుందట, నేరుగా చిగురు మీద పెడితే దారిఖర్చు కలిసి వస్తుందట. ముప్పయ్యేళ్లు దస్త్రాలు నడిపిన మనిషికి దగ్గరి దారి మీద అంత మోజు ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. పెట్టాను. పది నిమిషాలకు చిగురు మండింది, గంటకు తెల్లటి మచ్చ కట్టింది. ఆ మాత్ర ఆమ్లం, నోటి పొరను కాల్చేస్తుంది. అంతకుముందు నాకు ఒక్క నొప్పే ఉండేది.

మూడోది మందుల దుకాణం. ‘పన్ను’ అనే మాట సగంలో ఉండగానే కుర్రవాడు కత్తెర తీసి అట్టలోంచి నాలుగు రంగుల గొట్టం మాత్రలు కత్తిరించాడు. అవి యాంటీబయాటిక్‌లు. అవి నొప్పి మాత్రలు కావు. వాపు, జ్వరం లేకుండా పంటి లోపలి గుజ్జు మాత్రమే మండుతున్నప్పుడు అవి చేసే మేలేమీ లేదు. ఆ సంగతి అతనికి చెబితే, ‘‘అందరూ ఇవే తీసుకుంటారు సార్’’ అన్నాడు. ఎన్నికల్లో గెలిచినవారందరూ చెప్పే మాట అదే కాబట్టి మారు పలకలేదు. కల్లు పుక్కిలించి మింగమన్న బాల్యమిత్రుడి వైద్యంలో పుక్కిలింత కొంతసేపు, మింగడం ఎక్కువసేపు. దాని గురించి విస్తరించను.

పగలు ఈ జనసందోహంలో గడిచిపోయేది. అసలు పాలన రాత్రిదే. పన్నెండు దాటి నడుం వాల్చామంటే తలకు రక్తం పోటు పెరిగి, పంటి లోపల గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. పంటి గుజ్జు గట్టి గోడల మధ్య గది, వాచినా సాగడానికి చోటు లేదు, అందుకే ఆ సలపరం. మా ఆవిడ రెండు దిండ్లు ఒకదాని మీద ఒకటి వేసి, నన్ను శేషతల్పం మీది స్వామిలా ఆనించి, తాను అటు తిరిగి పడుకునేది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దు ఎటు తిరిగినా లింగం మీది నీడ కదలదు. నా దవడ మీది నొప్పీ అంతే. కుడికి తిరిగాను, ఎడమకు తిరిగాను, గుంటూరు వైపు వెళ్లే రైలు కూత విన్నాను, అది తన చోటనే ఉంది.

రెండు గంటలకు వంటింట్లో దీపం వేసుకుని పోపుల పెట్టె తీశాను. లవంగాలు తొమ్మిది ఉన్నాయి. మర్నాడు బగారా అన్నానికి ఆరు కావాలని మా ఆవిడ ముందే ప్రకటించింది కాబట్టి నా వాటా మూడు. ఒకదాన్ని మెత్తగా నలిపి, నాలుక కొసతో తోసుకుంటూ పంటి గుంత దగ్గరికి చేర్చాను. మొదట ఘాటు, తరువాత మంట, ఆ తరువాత, ఎవరో మెల్లగా తలుపు దగ్గరకు వేసినట్టు, తిమ్మిరి. లవంగంలోని యూజినాల్ చేసే పని అది. డాక్టర్లు జింకు పొడితో కలిపి పంట్లో తాత్కాలికంగా నింపేదీ దాన్నే. నా ఐదు రాత్రుల వైద్యంలో మాట నిలబెట్టుకున్నవి ఆ మూడు లవంగాలు, ఉప్పునీళ్లు, వేళ తప్పని నొప్పి మాత్ర. మిగిలినవన్నీ డిపాజిట్ కోల్పోయాయి. ఆ లవంగం కూడా అరగంటకు మించి పదవిలో లేదు. ఆ అరగంటలో వంటింటి గట్టు మీద కూర్చుని ఆలోచించాను. ప్రభుత్వానికి కట్టే పన్నుకు గడువు పొడిగిస్తారు, వాయిదాలు ఇస్తారు, ఒక్కోసారి వడ్డీ కూడా మాఫీ చేస్తారు. దవడలోని పన్నుకు ఏ వెసులుబాటూ లేదు. మూడేళ్ల బకాయి ఒక్క సకినంతో వసూలు చేసింది.

ఇంకో సత్యం కూడా ఆ గట్టు మీదనే తట్టింది. ఇంటి వైద్యం పోరాడేది పంటినొప్పితో కాదు, సోమవారం పదిన్నరతో. వచ్చిన నలభై మందిలో డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా ఎలా ఓర్చుకోవాలో చెప్పినవారు ఒక్కరూ లేరు. వెళ్లకుండా ఎలా తప్పించుకోవాలో అందరూ చెప్పారు. నేను కూడా ఆ నలభై మందిని ఎందుకు విన్నాను? పంటి నరం తీసేసే రూట్ కెనాల్ వైద్యం, దాని సూది ఆలోచన ఉప్పునీళ్ల కంటే లోతుగా దిగింది కాబట్టి.

కనుమ నాడు ఇంటిల్లిపాది మాంసం కూరతో బగారా తింటుంటే నేను పాలలో నానబెట్టిన జొన్నరొట్టె తిన్నాను. దవడ వాచకుండానే మనిషి తిండికి ముఖం వాచి ఉండటం అంటే ఏమిటో భాషావేత్తలకు ఇప్పుడు నేను ఉదాహరణ ఇవ్వగలను. శని, ఆదివారాల గురించి చెప్పడానికి కొత్తగా ఏమీ లేదు. అవే దిండ్లు, అదే రైలు.

ఆదివారం రాత్రి, ఇంకా స్పష్టంగా చెప్పాలంటే సోమవారం తెల్లవారుజామున, నొప్పి ఆగిపోయింది. తగ్గడం కాదు, ఎవరో మీట నొక్కినట్టు ఆగిపోయింది. నాలుకతో తట్టాను, ఉలుకు లేదు. చల్లటి నీళ్లు పోశాను, పలుకు లేదు. ఆరింటికల్లా ఇంట్లో విజయోత్సవం. వాకుడు పొగ నాలుగు రోజులకు గాని పనిచేయదని అత్త ముందే చెప్పినట్టు గుర్తుచేసుకున్నది. పక్కింటాయన గోడ మీదుగా తొంగిచూసి, ‘‘చిగురు మీద పెట్టమన్నది ఇందుకే’’ అన్నారు. బాల్యమిత్రుడు ఫోనులోనే తన వాటా కోరాడు. నేను ఎడమవైపు మొదటి సకినం నమిలి చూపించాను. అందరూ హర్షించారు.

తొమ్మిది కావస్తుండగా ఆసుపత్రికి ఫోను చేశాను. ఎత్తిన అమ్మాయికి నా పేరు, వేళ చెప్పి, గొంతులో కాస్త దర్పం ధ్వనించేలా, ‘‘రావలసిన అవసరం లేదమ్మా. నొప్పి పూర్తిగా పోయింది. చల్లనిది తగిలినా తెలియడం లేదు’’ అన్నాను.

అటువైపు ఆమె ఫోనుకు చెయ్యి అడ్డుపెట్టి ఎవరితోనో మాట్లాడింది. తరువాత, ఎంతో మర్యాదగా, ‘‘అయితే పదిన్నర దాకా ఆగవద్దన్నారు సార్. ఇప్పుడే రండి’’ అన్నది.