సవరణ: జర్మనీలో ఇంటి డిపాజిట్ లెక్క
జర్మనీకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో "డిపాజిట్ మూడు నెలల అద్దె" అని ఉంది. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. అదీ కాల్ట్‌మీటె మీదే, అంటే నీళ్లు, హీటింగ్, చెత్త లాంటి ఖర్చులు కలపని అద్దె మీద. మొత్తం అద్దె 1,000 యూరోలు, అందులో ఆ ఖర్చులు 200 అనుకోండి. డిపాజిట్ 2,400 దాటకూడదు. 3,000 అడిగితే కుదరదని చెప్పొచ్చు.

ఒకేసారి కట్టక్కర్లేదు కూడా. మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు సివిల్ కోడ్ 551వ సెక్షన్‌లోనే ఉంది. మొదటిది అద్దె మొదలైనప్పుడు ఇవ్వాలి. తొలి జీతం పడేలోపు ఇదెంత ఊరటో వచ్చాక తెలుస్తుంది! చాలామంది ఓనర్లు ఈ మాట తమంతట తాము ఎత్తరు, మీరే అడగాలి.

బ్రోకర్ ఫీజు సంగతి: 2015 నుంచి ఎవరు పెట్టుకుంటే వాళ్లే ఇవ్వాలి.

ఆ పోస్టులోనే "దిగాక అడ్రస్ రిజిస్టర్ చేసుకోండి" అన్నచోట గడువు కూడా చేర్చాను: ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు. మీరు ఆ ఇంట్లో దిగారని ఓనర్ సంతకం పెట్టిన ధ్రువపత్రం కావాలి. "రిజిస్ట్రేషన్ ఇవ్వం" అనే గది ఎంత చవకైనా నేనైతే వద్దంటాను. ట్యాక్స్ నంబరు ఆ రిజిస్టరైన అడ్రస్‌కే పోస్టులో వస్తుంది.