క్వార్టర్‌బ్యాక్‌ను ఎవరి చేతిలో పెడుతున్నారు?

2023 డిసెంబరు 31న చికాగోలోని సోల్జర్ ఫీల్డ్ మైదానంలో ఆ నగరపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బేర్స్ అట్లాంటా ఫాల్కన్స్‌ను 37-17 తేడాతో ఓడించింది. ఆ చలిలో నిలబడ్డ ప్రేక్షకులు దాడిని నడిపించి బంతి విసిరే తమ ప్రధాన ఆటగాడు, క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్ పేరెత్తి, ‘మాకు ఫీల్డ్స్ కావాలి’ అని ముక్తకంఠంతో నినదించారు. అదే రోజు కరోలినా పాంథర్స్ జట్టు జాక్సన్‌విల్ చేతిలో 26-0తో ఓడిపోవడంతో, కళాశాల ఆటగాళ్లను జట్లు వరుసగా ఎంచుకునే 2024 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక హక్కు బేర్స్‌కు ఖాయమైంది. కరోలినాకు రావలసిన ఆ హక్కు ఆ ఏడాది మార్చిలో జరిగిన ఇచ్చిపుచ్చుకోవడంలోనే చికాగోకు దఖలు పడి ఉంది. దాన్ని వాడుకుంటే దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్‌ను తెచ్చుకోవచ్చు, తెచ్చుకుంటే ఫీల్డ్స్‌ను సాగనంపాలి. అభిమానులు ఎవరు కావాలని గొంతెత్తారో అతన్ని వదులుకునే అవకాశం అదే రోజు వారి ముంగిట్లోకి వచ్చి నిలిచింది. అక్కడి నుంచి డ్రాఫ్ట్ జరిగిన ఏప్రిల్ 25 దాకా, నాలుగు నెలల పాటు, ఆ నగరంలో క్రీడాభిమానులు కలిసిన చోటల్లా ఇదే చర్చ.

మన పాఠకులకు ఆటగాళ్ల ఎంపిక అనగానే ఐపీఎల్ వేలం గుర్తుకొస్తుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పద్ధతి వేరు. అక్కడ కళాశాలల నుంచి వచ్చే ఆటగాళ్లకు వేలంపాట ఉండదు. అంతకు ముందు సీజన్‌లో అందరికన్నా హీనంగా ఆడిన జట్టు మొదట ఎంచుకుంటుంది, విజేత ఆ వరుసలో చివరన ఎంచుకుంటుంది; ఆ వరుస ఒకసారి పూర్తయితే ఒక రౌండ్. 1936లో మొదలైన ఈ ఏర్పాటు ఉద్దేశం, డబ్బున్న జట్లే మంచి ఆటగాళ్లందరినీ ఎగరేసుకుపోకుండా చూడటం. చికాగోకు ఈ చరిత్రతో ఉన్న బంధం మొదటి రోజుదే. తొలి డ్రాఫ్ట్‌లో మొదటి పేరు చికాగో విశ్వవిద్యాలయం ఆటగాడు జే బెర్వాంగర్‌ది. ఫిలడెల్ఫియా ఎంచుకున్న అతని హక్కులను బేర్స్ అధిపతి జార్జ్ హలాస్ తీసుకున్నాడు గానీ, జీతం దగ్గర మాట కుదరక బెర్వాంగర్ వృత్తి ఫుట్‌బాల్ ఒక్క రోజు కూడా ఆడలేదు. ఎంచుకోవడం వేరు, దక్కించుకుని నిలబెట్టుకోవడం వేరు అన్న సంగతి ఆ మొదటి పేరుతోనే తేలింది.

ఇక క్వార్టర్‌బ్యాక్ విషయంలో బేర్స్ అభిమానుల ఆవేదన ఎంత పాతదో తెలియకపోతే, ఈ చర్చలోని తీవ్రత అర్థం కాదు. 1939లో ఎంచుకున్న సిడ్ లక్‌మన్ నాలుగు చాంపియన్‌షిప్‌లు గెలిపించాడు. ఆ తర్వాత ఆ స్థాయిలో దీర్ఘకాలం నిలిచినవాడు ఆ జట్టుకు దొరకలేదనే అక్కడివారి అభిప్రాయం. క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరి జట్టును ఎన్ని యార్డులు ముందుకు నడిపాడన్నది అక్కడ ముఖ్యమైన కొలమానం. లీగ్‌లోని 32 జట్లలో ఒక సీజన్‌లో అలా 4,000 యార్డులు విసిరిన క్వార్టర్‌బ్యాక్ ఎన్నడూ లేని జట్టు చికాగో ఒక్కటే. 1995లో ఎరిక్ క్రేమర్ విసిరిన 3,838 యార్డులే 2024 నాటికి ఆ జట్టు రికార్డు. దీనికి తోడు 2017 నాటి గాయం ఉంది. ఆ ఏడాది బేర్స్ అదనంగా మూడు ఎంపికలను ధారపోసి, మూడో స్థానం నుంచి రెండో స్థానానికి ఎగబాకి మిచెల్ ట్రుబిస్కీని తీసుకుంది. పదో స్థానంలో ప్యాట్రిక్ మహోమ్స్‌ను కాన్సస్ సిటీ తీసుకుంది. ఆ తర్వాత మహోమ్స్ ఎత్తిన ప్రతి సూపర్ బౌల్ (లీగ్ అంతిమ పోరు) ట్రోఫీ చికాగో అభిమానికి తన జట్టు చేసిన తప్పును గుర్తు చేస్తూ వచ్చింది. 2024 చర్చలో మాట్లాడిన ప్రతి ఒక్కరి వెనుకా ఆ జ్ఞాపకం ఉంది; మళ్లీ తప్పు మనిషిని తీసుకుంటామేమోనన్న భయం ఒకవైపు, మళ్లీ సరైన మనిషిని వదిలేస్తామేమోనన్న భయం మరోవైపు.

ఫీల్డ్స్‌ను ఉంచుకోవాలన్నవారి వాదన తేలికగా కొట్టిపారేయదగినది కాదు. 2022లో అతను పరుగుతోనే 1,143 యార్డులు సాధించాడు. ఒక సీజన్‌లో క్వార్టర్‌బ్యాక్ అంతకన్నా ఎక్కువ పరిగెత్తిన సందర్భం అప్పటికి ఒక్కటే ఉంది. అతను ఆరంభం నుంచి బరిలో దిగిన 38 మ్యాచ్‌లలో జట్టు గెలిచినవి పదేనన్నది నిజమే అయినా, ఆ ఓటములన్నీ అతని ఖాతాలో వేయడం న్యాయం కాదని వారన్నారు. విలియమ్స్ వైపు నిలిచినవారు ప్రతిభతో పాటు డబ్బు లెక్క కూడా చెప్పారు. 2010లో మొదటి ఎంపిక శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కగా, లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన కొత్త కార్మిక ఒప్పందం కొత్త ఆటగాళ్ల జీతాలకు పరిమితి పెట్టాక, 2011లో క్యామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు సుమారు 2.2 కోట్లే దక్కాయి. అప్పటి నుంచి, తొలి ఒప్పందంలో ఉన్న మంచి క్వార్టర్‌బ్యాక్‌ను మించిన పొదుపు ఈ లీగ్‌లో మరొకటి లేదు. ఫీల్డ్స్‌కు ఆ చవక కాలం ముగింపుకు వస్తోంది, విలియమ్స్‌కు అది మొదలవుతుంది.

మూడో వర్గం ఒకటుంది. వారికి దక్కవలసినంత గౌరవం ఆనాడు దక్కలేదని నా అభిప్రాయం. మొదటి ఎంపికను మళ్లీ ఎవరికైనా ఇచ్చి, బదులుగా అనేక ఎంపికలు తీసుకుని, జట్టు మొత్తాన్ని కట్టుకోవాలని వారన్నారు. ఇందుకు ముందటి ఏడాదే నిదర్శనం ఉంది. 2023 మార్చిలో జట్టు ఎంపికలు చూసే జనరల్ మేనేజర్ ర్యాన్ పోల్స్ ఆ ఏటి మొదటి ఎంపికను కరోలినాకు ఇచ్చి, విసిరిన బంతిని అందుకునే రిసీవర్ డీజే మూర్‌ను, ఆ సంవత్సరపు రెండు ఎంపికలను, 2024 మొదటి రౌండ్, 2025 రెండో రౌండ్ ఎంపికలను తెచ్చాడు. మూర్ వచ్చిన ఏడాదే 1,364 యార్డులు సాధించాడు. పరిశోధన బలం కూడా వారికి ఉంది. నోబెల్ పురస్కారం పొందిన ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్, కేడ్ మాసీతో కలిసి ఈ డ్రాఫ్ట్‌ను అధ్యయనం చేసి, జట్లు తమ అంచనా మీద తమకున్న అతివిశ్వాసంతో మొదటి ఎంపికలకు ఉన్న విలువను మించి చెల్లిస్తున్నాయని తేల్చారు. ఆటలో ఒక పాత్రకు ముందు ఎంచుకున్న ఆటగాడు, అదే పాత్రకు తర్వాత ఎంచుకున్నవాడి కన్నా మెరుగ్గా తేలే అవకాశం సగానికి కాస్త మాత్రమే ఎక్కువ. నిపుణులకే అంత అనిశ్చితి ఉన్నచోట, అభిమాని తన ఇష్టాన్ని గట్టిగా చెప్పినందుకు అతన్ని తక్కువ చేయడం సరికాదు.

అయితే ఈ మూడు వర్గాల వాదనలోనూ ఒక ప్రశ్న అడుగున పడిపోయింది. వచ్చే కుర్రవాడిని ఎవరి చేతిలో పెడుతున్నారు? 2017 ఏప్రిల్‌లో ట్రుబిస్కీని తీసుకున్నారు. అతన్ని తీర్చిదిద్దవలసిన హెడ్ కోచ్ జాన్ ఫాక్స్‌ను 2018 జనవరిలో పంపేశారు. 2021 ఏప్రిల్‌లో ఫీల్డ్స్‌ను తీసుకున్నారు. ఆ సీజన్ ముగియగానే కోచ్ మ్యాట్ నేగీని, ఫీల్డ్స్‌ను ఎంచిన జనరల్ మేనేజర్ ర్యాన్ పేస్‌ను కూడా తొలగించారు. కొత్తగా వచ్చినవారికి ఫీల్డ్స్ తాము కోరి తెచ్చుకున్నవాడు కాదు, వారసత్వంగా అంటిన బాధ్యత. అంటే రెండుసార్లూ కొలువు ఊగిసలాడుతున్న గురువు దగ్గర శిష్యుణ్ని చేర్చారు. తన ఉద్యోగం ఈ డిసెంబరు దాటుతుందో లేదో తెలియని కోచ్, కుర్రవాడి నాలుగో ఏడాది గురించి ఆలోచించగలడా? 2024 జనవరిలో బేర్స్ దాడి వ్యూహాలు చూసే పాత అఫెన్సివ్ కోఆర్డినేటర్‌ను తీసేసి, హెడ్ కోచ్ మ్యాట్ ఎబర్‌ఫ్లస్‌ను మాత్రం అట్టిపెట్టుకుంది. అంతకు ముందు రెండు సీజన్లలో అతని జట్టు గెలిచినవి 34 మ్యాచ్‌లలో పది. ఫీల్డ్స్ ఉండాలా విలియమ్స్ రావాలా అన్నదానికి ఖర్చయిన ఆవేశంలో సగమైనా ఆ నిర్ణయం మీద ఖర్చయి ఉండవలసింది. ఆటగాడి వీడియోలు చూసి ఎవరైనా అభిప్రాయం చెప్పగలరు. యాజమాన్యం తలుపుల వెనుక ఏం జరుగుతుందో కనిపించదు కాబట్టి, కనిపించే మనిషి చుట్టూనే చర్చ తిరిగింది. ఇది అభిమానుల తప్పు కన్నా, పోలికలూ జాబితాలతో రోజులు నింపిన క్రీడా మాధ్యమాల తప్పు.

మార్చిలో ఫీల్డ్స్‌ను పిట్స్‌బర్గ్‌కు ఇచ్చి బేర్స్ పొందింది షరతులతో కూడిన ఒక ఆరో రౌండ్ ఎంపిక. రెండున్నర నెలలుగా నగరం కొట్టుకులాడిన ఆటగాడికి మార్కెట్ కట్టిన వెల అంతే. ఏప్రిల్‌లో విలియమ్స్ వచ్చాడు. వచ్చిన ఏడాది అతను 3,541 యార్డులు విసిరాడు గానీ, బంతి విసిరేలోపే ప్రత్యర్థులు అతన్ని 68 సార్లు నేలకూల్చారు. నవంబరులో కొత్త కోఆర్డినేటర్‌ను తొలగించారు. థాంక్స్‌గివింగ్ మర్నాడు ఎబర్‌ఫ్లస్‌ను కూడా తొలగించారు. సీజన్ మధ్యలో హెడ్ కోచ్‌ను తీసేయడం బేర్స్ చరిత్రలో అదే మొదటిసారి. జట్టు ఐదు గెలుపులు, పన్నెండు ఓటములతో (5-12) సీజన్ ముగించింది. మూడో కుర్రవాడికీ అదే కథ ఎదురైంది.

అదే డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక జేడెన్ డేనియల్స్‌ను తీసుకున్న వాషింగ్టన్‌ను పోల్చి చూడాలి. అక్కడ ముందు జనరల్ మేనేజర్‌ను, కోచ్‌ను కొత్తగా నియమించుకుని, ఆ తర్వాతే వారందరూ కలిసి క్వార్టర్‌బ్యాక్‌ను ఎంచుకున్నారు. ఆ ఏడాదే జట్టు 12-5తో ప్లేఆఫ్స్‌కు చేరి, సూపర్ బౌల్‌కు ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడింది. మూడో ఎంపిక డ్రేక్ మేను తీసుకున్న న్యూ ఇంగ్లండ్ కూడా కోచ్‌ను ఒక్క ఏడాదికే మార్చింది. కొత్త కోచ్ మైక్ వ్రేబెల్ వచ్చిన తొలి సీజన్‌లోనే అదే కుర్రవాడు జట్టును సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు. డేనియల్స్ ప్రతిభ విలియమ్స్ కన్నా ఎక్కువా తక్కువా అని వాదించుకోవచ్చు, కానీ ఒకే డ్రాఫ్ట్ నుంచి వచ్చిన ముగ్గురి తొలి అడుగుల్లో ఇంత తేడాకు ప్రతిభ ఒక్కటే కారణమని నేను నమ్మను.

చికాగో ఎట్టకేలకు వరుస మార్చింది. 2025 జనవరిలో డెట్రాయిట్ జట్టు దాడికి వ్యూహకర్తగా పేరు పొందిన బెన్ జాన్సన్‌ను హెడ్ కోచ్‌గా తెచ్చుకుంది. డ్రాఫ్ట్ కోసం ఆగకుండా మార్చిలోనే జో థూనీ, జోనా జాక్సన్, డ్రూ డాల్మన్‌లతో, క్వార్టర్‌బ్యాక్‌కు రక్షణగా నిలిచే అఫెన్సివ్ లైన్ మధ్యభాగాన్ని పూర్తిగా మార్చేసింది. ఆ రక్షణ సమకూరాక, ఏప్రిల్ నాటి అభిమానుల చర్చలో మునుపటి భయం కనిపించలేదు. పదో ఎంపికతో టైట్ ఎండ్ (బంతి అందుకోవడం, ప్రత్యర్థులను అడ్డుకోవడం రెండూ చేసే ఆటగాడు) కోల్స్‌టన్ లవ్‌లండ్‌ను తీసుకున్నప్పుడు ఇష్టాయిష్టాలు వ్యక్తమయ్యాయే తప్ప, జట్టు భవిష్యత్తంతా ఆ ఒక్క పేరు మీద వేలాడుతోందని ఎవరూ అనుకోలేదు. ఆ సీజన్‌లో విలియమ్స్ నేలకూలిన సందర్భాలు సగానికి పైగా తగ్గాయి, జట్టు 11-6తో నాలుగు జట్లుండే తన డివిజన్‌ను గెలిచింది. ముప్పై ఏళ్లుగా కదలని క్రేమర్ రికార్డును దాటి విలియమ్స్ 3,942 యార్డుల దగ్గర ఆగాడు. నాలుగు వేలకు ఇంకా 58 యార్డులు మిగిలాయి.