పిచ్‌కీ పిచ్చికీ ఒక్క అక్షరమే తేడా

అంతర్జాతీయ రాజకీయ జర్నలిజానికి నా సేవలు అందించాలని నల్లగొండ గడియారం సెంటర్‌లో, రెండో కప్పు టీ దగ్గర నిర్ణయించుకున్నాను. విదేశీ పత్రికలకు వ్యాసం నేరుగా పంపకూడదట. ‘ఫలానాది రాస్తాను, తీసుకుంటారా’ అని ముందు నాలుగు ముక్కల్లో అడగాలి. దీన్ని పిచ్ అంటారు. మా ఇంట్లో చివర ఇంకో అక్షరం కలిపి పలుకుతున్నారు.

మొదటి పిచ్ హంగరీ మీద. తమది ఉదారవాదం లేని రాజ్యమని అప్పటి ప్రధాని ఓర్బాన్ 2014లో తానే చాటుకున్నాడు. 2018లో ఆయన అనుకూలురైన యజమానులు 400కు పైగా పత్రికలను, ఛానళ్లను, వెబ్‌సైట్లను ఒకే ఫౌండేషన్‌కు ఉచితంగా రాసిచ్చారు. దొరగారికి పొలాలను ‘ఇష్టపూర్వకంగా’ రాసిచ్చిన కథలు తాతల నోట విన్న జిల్లా మాది, ఇలాంటి దానపత్రాలు చదవడం మాకు కొత్త కాదు అని విన్నవించాను. ‘మీరు హంగరీలో ఉంటున్నారా?’ అని ఎడిటర్ అడిగాడు. లేను. ఆయన ఉండేదీ లండన్‌లోనే. అది వేరే లెక్క.

రెండోది మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్. 2022 మార్చిలో 30 రోజులకని అత్యవసర స్థితి విధించి, ప్రామిసరీ నోటు తిరగరాసినట్టు నెలనెలా పొడిగించుకుంటూ పోయిన అధ్యక్షుడు బుకెలే గురించి. జవాబు లేదు. వెనెజువెలా అధ్యక్షుడిగా ఉన్న చావెజ్ ఆదివారం టీవీ కార్యక్రమం 2007లో ఒకసారి 8 గంటలు దాటి సాగిందనీ, మా సభల్లో ముఖ్య అతిథి కోసం ఎదురుచూపులకే అంత సమయం పడుతుందనీ రాశాను. దానికీ లేదు.

చివరికి దయతలచి, ‘మీ ప్రాంతం గురించి చెప్పండి’ అన్నారు. ఉప్పొంగిపోయాను. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీ చేశారని రాశాను. ఎముకలు వంచేసే ఫ్లోరైడ్ నీళ్లు తాగలేక, ఢిల్లీకి వినబడాలని జనం నామినేషన్లు వేశారనీ, బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైందనీ వివరించాను. ఇలాంటి పోటీలను చూసి ప్రభుత్వం అదే ఏడాది డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. కృష్ణా నీళ్ల కంటే డిపాజిట్ ముందొచ్చింది.

‘బాగుంది. ఇందులో నియంత ఎవరు?’ అని జవాబు.

ఎవరూ లేరు. అదే నా పిచ్‌లోని లోపం. పాపులిజం, అంటే ‘జనం గొంతు నేనే’ అనే నాయకుల రాజకీయం. ఆ కథకు చేయి పైకెత్తిన నాయకుడొకడు, ఆయన ఫ్లెక్సీకి దండం పెట్టే ముసలమ్మ ఒకరు ఉండి తీరాలి. (మన పత్రికలు పాపులిజాన్ని ‘ప్రజాకర్షణ’ అని అనువదించి, చీరల పంపిణీ దగ్గర వదిలేస్తాయి. అది ఇంకో పిచ్.)

చివరికి వాళ్ల విలేఖరే వచ్చాడు. నాకు దుభాషి ఉద్యోగం దొరికింది, ఒక్క పూటకు. గడియారం సెంటర్‌లోనే టీ కొట్టు ఆయన్ని విలేఖరి అడిగాడు: ‘మీకు బలమైన నాయకుడు కావాలా?’

టీ కొట్టు ఆయన గ్లాసులు కడగడం ఆపలేదు. ‘బలం సంగతి తర్వాత చూద్దాం సార్. కుళాయి ఏ రోజు, ఎన్ని గంటలకు వదులుతారో ముందే చెప్పేవాడుంటే చూడమనండి’ అన్నాడు.

ఒక్క ముక్క పోకుండా అనువదించాను. విలేఖరి తల పంకించి, నోటు పుస్తకంలో ఒకే మాట రాసుకున్నాడు. వంగి చూశాను. ‘అవును’ అని ఉంది.