మెదడు కణానికి ఇంటి నంబరు ఉండదు

“గర్భంలో ప్రతి మెదడు కణానికీ డీఎన్‌ఏలో ఇంటి నంబరు రాసి ఉంటుంది. అది తనంతట తాను వెళ్ళి అక్కడ కూర్చుంటుంది. మూడో నెలకల్లా పని పూర్తి. బయటిదేదీ దాన్ని తాకలేదు.” ఈ సందేశం ఫోన్లలో తెగ తిరుగుతోంది. నాకే ఒక్క వారంలో ముగ్గురు పంపారు. వినడానికి ముచ్చటగా ఉన్నా, ఇందులో ఒక్క వాక్యమూ నిలవదు.

ముందు ఆ ఇంటి నంబరు సంగతి. మెదడులో న్యూరాన్లు, అంటే నాడీకణాలు, దాదాపు 8,600 కోట్లు. ప్రోటీన్లకు మూలమైన జన్యువులు సుమారు 20 వేలు. ఇన్ని చిరునామాలు ఎక్కడ రాస్తారు? ఏ కణం ఏ సంకేతాన్ని వదలాలి, ఏది దాన్ని అందుకోవాలి అన్నంతవరకే జన్యువుల పాత్ర.

ఇక “తనంతట తాను”. నడవబోతే తూలి పడిపోయే ఒక రకం చిట్టెలుకను 1951లో ఎడింబరోలో జన్యుశాస్త్రవేత్త ఫాల్కనర్ వర్ణించారు. మామూలుగా మెదడు బయటి తొడుగైన కార్టెక్స్‌లో ముందు పుట్టిన న్యూరాన్లు అడుగున స్థిరపడతాయి, తర్వాత పుట్టినవి వాటిని దాటుకుని పైకి చేరతాయి. ఈ ఎలుకలో ఆ వరుస దాదాపు తలకిందులు. కారణం 1995లో దొరికింది: రీలిన్ అనే ప్రోటీన్ లేకపోవడం. దాన్ని తయారుచేసేది పైకి ఎక్కే న్యూరాన్లు కావు, పైపొరలో ముందే చేరిన కహాల్-రెట్జియస్ కణాలు. ఎక్కేవాటికి కాళ్ళు బాగానే ఉన్నాయి, పైనుంచి పిలుపే రాలేదు.

నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ ముక్కు. యుక్తవయసు హార్మోన్లను మేల్కొలిపే న్యూరాన్లు పుట్టేది మెదడులో కాదు, పిండం ముక్కు ప్రాంతంలో. నరాల పోగులు పట్టుకుని అవి మెదడులోకి నడుస్తాయి. దారిలో ఆగిపోతే కల్‌మన్ సిండ్రోమ్: యుక్తవయసు మార్పులు మొదలవవు, వాసన కూడా సరిగా తెలియదు. అందుకే పదిహేడేళ్ళొచ్చినా గొంతు మారని అబ్బాయిని డాక్టరు “వాసన తెలుస్తుందా?” అని అడుగుతారు. సంబంధం లేని ప్రశ్నలా ఉంటుంది కదా!

మూడో నెలకు పూర్తవుతుందా? అప్పటికి కార్టెక్స్‌లో కణాల వలస మంచి జోరు మీద ఉంటుంది. చిన్నమెదడులోనైతే కొన్ని కణాలు బిడ్డ పుట్టాక కూడా నెలల తరబడి కదులుతూనే ఉంటాయి.

చివరి వాక్యమే ప్రమాదకరం. హిరోషిమా, నాగసాకి బాంబుల రేడియేషన్‌కు తల్లి గర్భంలో 8–15 వారాల వయసులో గురైన పిల్లల్లో తీవ్రమైన బుద్ధిమాంద్యం ముప్పు అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది. 16–25 వారాల వారిలోనూ కొంత కనిపించింది. అంత దూరం ఎందుకు, గర్భిణి తాగే మద్యం కూడా ఈ వలసను చెడగొట్టగలదు. “మూడో నెల దాటింది, ఇక ఫరవాలేదు” అని ఈ సందేశం చెప్పేది ఆవిడకే.